కొండల నడుమ సముద్రం: నార్వే ఫియర్డులు

భూపటంలో నార్వే దేశపు పడమటి తీరాన్ని చూచిన విద్యార్థికి మొట్టమొదట కలిగే సందేహం ఒకటే: ఈ తీరం పీలికలైన గుడ్డ అంచువలె ఎందుకున్నది? ఆ తీరం పొడుగునా సముద్రం సన్నని పాయలుగా చీలి, కొండల నడుమ దూరి, పదుల కిలోమీటర్లు భూభాగంలోనికి పోయి ఉంటుంది. ఈ పాయలకే ఫియర్డులని పేరు. నార్వే ఫియర్డులలో అన్నిటికంటె పొడవైన సోగ్నె ఫియర్డు 200 కిలోమీటర్లకు పైగా లోపలికి చొచ్చుకొని పోయినది. దాని లోతు ఒకచోట సుమారు 1,300 మీటర్లు. అయితే ఆ ఫియర్డు సముద్రంలో కలిసేచోట లోతు 200 మీటర్లకు లోపలే. గుమ్మం వద్ద లోతు తక్కువ, ఇంటి లోపల లోతు ఎక్కువ! నదులు ఇటువంటి దారిని తవ్వజాలవు. నది ఎప్పుడూ పల్లానికే పోతుంది గాని, ముందు గొయ్యి తవ్వి పిదప గట్టెక్కదు. మరి ఈ లోయలను తవ్వినది ఏది? అది తవ్వి విడిచిన కొండలు నేడు ఎట్లా ఉన్నవి? ఆ కొండల కింద నివసించే ప్రజలు ఏమి జాగ్రత్త పడుతున్నారు? ఈ మూడు ప్రశ్నలకూ సంబంధమున్నది.

పడవ ప్రయాణం

ఫియర్డును తెలుసుకొనుటకు పడవ ప్రయాణం మంచి సాధనం. 62వ ఉత్తర అక్షాంశానికి కొంచెం పైన, సముద్రపుటొడ్డున ఓలెసుండ్ అనే రేవు పట్టణం ఉన్నది. అంత ఉత్తరాన ఉన్నప్పటికీ ఈ రేవు శీతకాలంలో సైతం గడ్డకట్టదు. అట్లాంటిక్ మహాసముద్రంలో నైరుతి దిక్కునుంచి వచ్చే వెచ్చని ప్రవాహం ఈ తీరాన్ని ఒరసుకొని పోవుటయే దీనికి కారణం.

ఓలెసుండ్ నుంచి బయలుదేరిన పడవ స్టూర్ ఫియర్డు అనే పెద్ద పాయలో ప్రవేశిస్తుంది. మొదట కొండలు దూరంగా ఉంటవి. ఒడ్డున పచ్చిక బయళ్ళు, కొయ్య ఇండ్లు కనబడతవి. పోనుపోను కొండలు దగ్గరకు జరుగుతవి. ఎడమచేతి వైపు ఒక పాయ టాఫియర్డు అనే పల్లెకు పోతుంది. పడవ దక్షిణానికి మళ్ళి సున్నిల్వ్ ఫియర్డులోను, అక్కడ మరల తూర్పుకు తిరిగి గైరాంగెర్ ఫియర్డులోను ప్రవేశిస్తుంది. ఈ చివరి పాయ పొడవు సుమారు 15 కిలోమీటర్లు. దీనిని, సోగ్నె ఫియర్డు శాఖయైన నేరోయ్ ఫియర్డును కలిపి 2005లో యునెస్కో ప్రపంచ వారసత్వ స్థలాల పట్టికలో చేర్చినది.

ఇక్కడ నీటి అంచుననే కొండ నిలువుగా లేస్తుంది. ఒడ్డు అనేది దాదాపు లేదు. తల వెనుకకు వాల్చి చూస్తే గాని శిఖరం కనబడదు. ఒకవైపు ఎత్తునుంచి ఏడు ధారలుగా జలపాతం దుముకుతుంది. దీనిని 'ఏడుగురు అక్కచెల్లెళ్ళు' అంటారు. ఎదుటి గోడమీద ఒంటరిగా దిగే మరియొక జలపాతానికి 'పెండ్లి అడుగ వచ్చినవాడు' అని పేరు పెట్టినారు. వీటికి దగ్గరలో, నీటికి వందల మీటర్ల ఎత్తున, అరుగులవంటి రాతి తిన్నెలమీద రెండు మూడు చిన్న కొయ్య ఇండ్లు కనబడతవి. అవి పాతకాలపు రైతుల నివాసాలు. ఇంటి ముంగిటినుంచి కాలు జారితే నేరుగా ఫియర్డులోనే పడవలసినదే. వీటిలో స్కాగెఫ్లో అనే కమతానికి నిచ్చెన సాయంతో ఎక్కవలసి ఉండెడిదనీ, పన్ను వసూలుకు అధికారి వచ్చినప్పుడు ఇంటివారు ఆ నిచ్చెనను పైకి లాగుకొనేవారనీ ఒక కథ చెప్పుకుంటారు. ఎదుటి గట్టున ఉన్న క్నివ్స్‌ఫ్లో అనే కమతాన్ని మాత్రం 19వ శతాబ్దపు చివరి సంవత్సరాలలో విడిచిపెట్టవలసి వచ్చినది. ఇండ్లపైకి వంగి ఉన్న కొండ ఎప్పుడు విరిగి పడునో అనే భయమే అందుకు కారణం. ఈ భయం ఉత్తది కాదు.

తవ్వినది మంచు

గడచిన ఇరువదియైదు లక్షల సంవత్సరాలకు పైబడిన కాలంలో ఉత్తర ఐరోపా అనేకమారులు మంచు కింద కప్పబడినది. కడపటిసారి, సుమారు 20 వేల సంవత్సరాల క్రితం, ఈ మంచు మిక్కిలి విస్తరించినది. నడి భాగంలో దాని మందం రెండు మూడు వేల మీటర్లుండెనని అంచనా. మంచుగడ్డ గట్టిగా ఉన్నట్లు కనబడినా, అంత మందం పోగుపడినప్పుడు తన బరువుకు తానే లొంగి, చిక్కని పాకంవలె మెల్లగా కదులుతుంది. ఇట్లా కదిలే మంచునే హిమనీనదం అంటారు. మంచు యుగాలకు ముందే ఇక్కడ నదులు లోయలను తవ్వి ఉన్నవి. పడమటి సముద్రానికి పోవుటకు హిమనీనదాలు ఆ పాత దారులనే పట్టినవి.

హిమనీనదం రెండు విధాల రాతిని తొలుస్తుంది. మొదటిది, రాతి పగుళ్ళలోని నీరు గడ్డకట్టి మంచుకు అతుక్కొనగా, మంచు కదిలినప్పుడు ఆ రాతిముక్కలు ఊడి వస్తవి. రెండవది, అడుగున చిక్కుకొన్న ఆ ముక్కలే గరుకు కాగితంమీది ఇసుకవలె పనిచేసి, లోయ అడుగును, ప్రక్కలను గీరివేస్తవి. నది తన అడుగును మాత్రమే కోస్తుంది గనుక ఆ లోయ ఆంగ్లాక్షరం 'వి' ఆకారంలో ఉంటుంది. హిమనీనదం లోయనంతటినీ నిండి ప్రక్కలను కూడా తొలుస్తుంది గనుక ఆ లోయ 'యు' ఆకారాన్ని పొందుతుంది. అడుగు విశాలం, ప్రక్కలు నిట్రం.

పెద్ద లోయలో మంచు మందం ఎక్కువ, ప్రక్కనుంచి వచ్చి కలిసే చిన్న లోయలలో మందం తక్కువ. అందుచేత పెద్ద లోయ చాలా లోతుగాను, చిన్న లోయలు తక్కువ లోతుగాను తవ్వబడినవి. మంచు కరగిపోయిన పిదప చిన్న లోయల నోళ్ళు పెద్ద లోయ గోడమీద ఎత్తున మిగిలిపోయినవి. వీటిని వేలాడే లోయలు అంటారు. వాటిలోని ఏరులకు దుముకుట తప్ప వేరు దారి లేదు. ఫియర్డులలో ఇన్ని జలపాతాలుండుటకు కారణమిదే.

గడప ఎట్లా ఏర్పడినది

ఇక లోపల లోతు, గుమ్మంలో గట్టు ఎందుకుండునో చూతము. నది సముద్రమట్టానికి చేరగానే దాని తవ్వకం దాదాపు ఆగిపోతుంది. హిమనీనదానికి ఈ నియమం వర్తించదు. గ్లాసెడు నీటిలో మంచుగడ్డ వేస్తే దానిలో సుమారు పదింట తొమ్మిది వంతులు మునిగి, ఒక వంతు తేలుతుంది. సముద్రంలోని మంచుకూడా అంతే. కాబట్టి 1,000 మీటర్ల మందంగల మంచు తేలవలెనంటే సుమారు 900 మీటర్ల లోతు నీరు కావలెను. అంతకంటె తక్కువ లోతైతే మంచు తేలజాలక అడుగునే అంటిపెట్టుకొని ఉంటుంది, దానిని గీరుతూనే ఉంటుంది. రెండువేల మీటర్ల మందంగల మంచు సముద్రమట్టానికి 1,300 మీటర్ల దిగువన ఉన్న రాతిని తొలిచినదంటే ఆశ్చర్యపడనక్కరలేదు.

అయితే కొండల నడుమనుంచి బయటపడగానే హిమనీనదానికి రెండు ప్రక్కలా అదుపు తప్పుతుంది. అది విసనకర్రవలె పరచుకొని పలుచబడుతుంది. పలుచబడిన మంచుకు బరువు తగ్గి గీరే శక్తి తగ్గుతుంది. ఇంకను పలుచనైనచో నీటిపై తేలి అడుగును విడిచిపెడుతుంది. అందుచేత ఫియర్డు నోటివద్ద రాయి అరగక గడపవలె మిగిలినది. మంచు మోసుకొని వచ్చిన రాళ్ళు, మట్టి కొన్నిచోట్ల ఆ గడపమీద ఇంకా పేరుకొన్నవి. సుమారు 11 వేల సంవత్సరాల క్రితం వాతావరణం వేడెక్కి మంచు వెనుకకు తగ్గగా, సముద్రం ఈ గడపలు దాటి లోయలను నింపినది. ఫియర్డు అనగా మంచు తవ్వగా సముద్రం ఆక్రమించిన లోయయే.

ఆధారం పోయిన గోడలు

మంచు ఉన్నంతకాలం ఆ నిట్రమైన గోడలకు అదే ఒత్తుగా నిలిచినది. అది కరగిన తరువాత గోడలకు ఆ ఆధారం పోయినది. లోపల అణగియున్న రాయి సడలి, గోడకు సమాంతరంగా పగుళ్ళు విచ్చినవి. పగుళ్ళలో వాననీరు, కరగిన మంచునీరు చేరుతుంది. నీరు గడ్డకట్టునప్పుడు దాని ఘనపరిమాణం సుమారు నూటికి 9 వంతులు పెరుగుతుంది. ఈ పెరుగుదల పగులును మరికొంత ఎడముగా నెడుతుంది. గడ్డకట్టని నీరు కూడా తక్కువది కాదు. నిండిన పగులులో నీటి పీడనం రాతిపలకను కిందినుంచి ఎత్తి, అది ఆనుకొన్న రాతిపై రాపిడిని తగ్గిస్తుంది. వేల సంవత్సరాలుగా ఈ పని జరుగుతున్నది. ఎక్కువ కొండలు స్థిరపడినవి. కొన్ని ఇంకా స్థిరపడలేదు.

ఇందులో మరియొక చిక్కున్నది. నిలువు గోడలున్న ఈ ప్రాంతంలో పల్లె వెలయుటకు చదునైన నేల ఎక్కడ దొరుకుతుంది? ఫియర్డు కొసలలో, ఏరులు ఇసుక, మట్టి తెచ్చి పోసిన చోటనే. గైరాంగెర్, హెల్లెసిల్ట్, టాఫియర్డు వంటి ఊళ్ళన్నీ అట్టి చోట్లనే, నీటి అంచున ఉన్నవి. కొండ విరిగి ఫియర్డులో పడినచో లేచే కెరటం మొట్టమొదట చేరేదికూడా అక్కడికే.

1934 ఏప్రిల్ 7

ఆనాటి తెల్లవారుజామున సుమారు మూడు గంటలకు టాఫియర్డు సమీపాన లాంగ్‌హామరెన్ అనే కొండచరియనుంచి ఇరువది లక్షల ఘనపు మీటర్లకు తక్కువ కాని రాయి ఫియర్డులోనికి జారిపడినది. పడిన చోటున నీరు 60 మీటర్లకు పైగా కొండపైకి ఎగసినది. కెరటాలు టాఫియర్డు, ఫ్యోరో అనే పల్లెలను ముంచి, ఇండ్లను, పడవ కొట్టాలను ఎత్తుకొని పోయినవి. నిద్రలో ఉన్నవారిలో 40 మంది మరణించినారు.

దీనికి దక్షిణాన లోయెన్ సమీపంలో ఒక సరస్సున్నది. దానిపైకి వంగిన రామ్నెఫ్యెల్ కొండనుంచి 1905 జనవరి 15న రాయి పడగా లేచిన కెరటంలో 61 మంది చనిపోయినారు. సరస్సులోని చిన్న ఆవిరిపడవను నీరు ఒడ్డుమీదికి చాలాదూరం విసరివేసినది. పల్లెవారు మరల ఇండ్లు కట్టుకొన్నారు. 1936 సెప్టెంబరు 13న అదే కొండనుంచి మరింత పెద్ద రాతిభాగం జారినది. ఈసారి 74 మంది పోయినారు. ఒకసారి విరిగిన కొండ ఇక విరగదని నమ్ముట ఎంత ప్రమాదమో ఈ రెండు తేదీలు చెబుతవి.

ఐదు నిమిషాలు

కెరటం వేగాన్ని విద్యార్థులే లెక్కకట్టవచ్చును. కెరటం పొడవు నీటి లోతుకంటె చాలా ఎక్కువైనప్పుడు దాని వేగం, గురుత్వ త్వరణాన్ని లోతుతో గుణించగా వచ్చిన లబ్ధపు వర్గమూలానికి సమానం. లోతు 300 మీటర్లనుకొన్నచో 9.8ని 300తో గుణించగా 2,940. దాని వర్గమూలం సుమారు 54. అనగా కెరటం సెకనుకు 54 మీటర్లు, గంటకు 195 కిలోమీటర్లు పోతుంది. ఒడ్డు సమీపించి లోతు తగ్గినకొద్దీ వేగం తగ్గుతుంది. కాని ముందుభాగం నెమ్మదించగా వెనుకనుంచి వచ్చే నీరు దానిపైకి నెట్టుకొనివచ్చి కెరటం ఎత్తు పెరుగుతుంది.

ఈ లెక్క నేడు ఎవరికి అవసరమో తెలుసుకొనుటకు పడవ ప్రయాణాన్ని మరల తలచుకొనవలెను. పడవ సున్నిల్వ్ ఫియర్డులో దక్షిణంగా పోవునప్పుడు కుడివైపున ఓక్నెస్ అనే కొండచరియ కనబడుతుంది. కిందనుంచి చూచిన యాత్రికునికి అది మిగిలిన కొండలవంటిదే. కాని దాని పైభాగంలో 600 మీటర్లకు పైగా పొడవైన ఒక చీలిక ఉన్నది. చీలికను మొదట గమనించినవారు ఆ ప్రాంతపు ప్రజలే. అది వెడల్పవుతున్నదా అని 1980 తరువాతి సంవత్సరాలలో కొలతలు మొదలైనవి. కొండ కదులుతున్నదని తేలినది. అన్ని భాగాలూ ఒకే వేగంతో కదలవు. మిక్కిలి త్వరగా కదిలే భాగం ఏడాదికి కొన్ని సెంటీమీటర్లు జరుగుతున్నది. విజ్ఞానులు వేసిన పెద్ద అంచనా ప్రకారం కదిలే రాతి పరిమాణం 5 కోట్ల ఘనపు మీటర్లకు పైమాటే. 1934లో టాఫియర్డు వద్ద పడినదానికి ఇది ఇరువదియైదు రెట్లు.

ఓక్నెస్‌నుంచి హెల్లెసిల్ట్‌కు నీటిమార్గాన పది పన్నెండు కిలోమీటర్లు. పై లెక్క ప్రకారం కెరటానికి నాలుగు నిమిషాలు పట్టును. ఫియర్డుకు నమూనా చేసి చూచిన విజ్ఞానులు హెల్లెసిల్ట్‌కు సుమారు ఐదు నిమిషాలు, గైరాంగెర్‌కు పది నిమిషాలు అని అంచనా వేసినారు. ముసలివారిని, పిల్లలను, వేసవిలో వచ్చే యాత్రికులను కొండపైకి చేర్చుటకు ఐదు నిమిషాలు చాలవు. కాబట్టి కొండ పడిన తరువాత ఇచ్చే హెచ్చరికవల్ల ప్రయోజనం స్వల్పం. పడబోవుటను కొన్ని రోజుల ముందే తెలుసుకొనవలెను.

కొండ నాడి చూచుట

ఇది అసాధ్యం కాదు. పెద్ద కొండచరియ సాధారణంగా ఒక్కుమ్మడిగా ఊడిపడదు. ఊడే ముందు దాని కదలిక త్వరపడుతుంది. అందుచేత 2004 తరువాత ఓక్నెస్‌మీద అనేక పరికరాలను అమర్చినారు. చీలిక రెండు అంచులకు బిగించిన కడ్డీలు దాని వెడల్పును కొలుస్తవి. ఉపగ్రహాల సంకేతాలతో పనిచేసే పరికరాలు కొండమీది గుర్తుల స్థానాన్ని మిల్లీమీటర్లలో తెలుపుతవి. లేసర్ కిరణాలు, రాడార్ తరంగాలు దూరంనుంచి కదలికను పట్టుకొంటవి. లోతుగా తొలిచిన రంధ్రాలలో నీటిమట్టాన్ని, రాతిపొరల జారుడును కొలుస్తారు. ఈ కొలతలన్నీ రేయింబవళ్ళు కార్యాలయానికి చేరుతూ ఉంటవి. 2015నుంచి నార్వే ప్రభుత్వపు జలవనరుల, విద్యుచ్ఛక్తి శాఖ ఈ బాధ్యతను వహించినది.

కొలతలనుంచి పడబోయే దినాన్ని ఊహించుటకు ఒక సులభమైన పద్ధతి ఉన్నది. ఒక కొండ మొదటి దినం 2, రెండవ దినం 2.5, మూడవ దినం 3.3, నాలుగవ దినం 5, ఐదవ దినం 10 మిల్లీమీటర్లు కదిలినదనుకొనుడు. ప్రతి వేగానికి వ్యుత్క్రమాన్ని, అనగా 1ని ఆ వేగంతో భాగించగా వచ్చే సంఖ్యను కనుగొనుడు. వరుసగా 0.5, 0.4, 0.3, 0.2, 0.1 వస్తవి. వీటిని గ్రాఫు కాగితంమీద గుర్తించినచో ఒక సరళరేఖ కిందికి దిగుతుంది. దానిని పొడిగించినచో ఆరవ దినాన సున్నను తాకుతుంది. వ్యుత్క్రమం సున్న అగుట అంటే వేగం అనంతమగుట. కొండ విరిగిపడే సమయం అదే. ఉపాధ్యాయులు ఈ ఉదాహరణను తరగతిలో చేయించవచ్చును. ఇవి బోధనకై ఎన్నుకొన్న అంకెలు. నిజమైన కొండ ఇంత క్రమశిక్షణతో నడుచుకొనదు.

పదహారుసార్లు

ఆ మాటకు నిదర్శనం గైరాంగెర్‌కు ఈశాన్యాన ఉన్న రోమ్స్‌డాల్ లోయలో దొరికినది. అక్కడ 'మన్నెన్' అనే కొండ ఉన్నది. ఆ మాటకు 'మనిషి' అని అర్థం. దానిలోని ఒక చిన్న భాగానికి 'వెస్లెమన్నెన్', అనగా 'చిన్న మనిషి' అని పేరు. 2014 శరత్కాలంలో అది త్వరపడి కదలసాగినది. కింద ఉన్న కొద్ది కుటుంబాలను ఖాళీ చేయించినారు. లోయలోని రైళ్ళను ఆపినారు. పత్రికలవారు కెమెరాలతో కాచుకొన్నారు. కొండ నెమ్మదించినది. ప్రజలు ఇండ్లకు తిరిగివచ్చినారు. భారీ వాన కురిసినప్పుడెల్లా పగుళ్ళలో నీరు నిండి కదలిక హెచ్చేది. వాన ఆగి చలి ముదిరినప్పుడు తగ్గేది. 2017లో గొట్టాలతో నీటిని పైకెక్కించి చీలికలో పోసి, దానిని కావాలని పడవేయుటకుకూడా ప్రయత్నించినారు. అది పడలేదు. ఐదేండ్లలో పదహారుసార్లు ఆ కుటుంబాలు ఇల్లు విడిచి పోవలసి వచ్చినది.

'నాన్నా పులి' కథలోని పిల్లవానివలె విజ్ఞానులు నవ్వులపాలు కావలసిన పరిస్థితి అది. పంటను, పశువులను విడిచి మాటిమాటికీ పోవుట రైతుకు ఎంత కష్టమో చెప్పనక్కరలేదు. అయినను పదహారవసారికూడా ప్రజలు ఇండ్లు ఖాళీ చేసినారు. 2019 సెప్టెంబరు 5వ తేదీ సాయంకాలం వెస్లెమన్నెన్ విరిగిపడినది. సుమారు 50 వేల ఘనపు మీటర్ల రాయి దుమ్ము రేపుకొంటూ చరియ కిందికి దిగినది. ఒక్కరికైనా గాయం తగలలేదు. ఆ కుటుంబాలు ఇండ్లకు తిరిగివచ్చినవి. వెస్లెమన్నెన్ కారణంగా ఇక వారు ఇల్లు విడువవలసిన పని లేకపోయినది.

పథకంలోని పదిహేను తప్పుడు హెచ్చరికలను ఎట్లా చూడవలెను? కొలత తప్పలేదు. ప్రతిసారీ కొండ నిజంగానే త్వరపడినది. కదలికనుంచి ఫలితాన్ని నిశ్చయంగా చెప్పగల శక్తి మాత్రమే విజ్ఞానానికి ఇంకా పూర్తిగా అలవడలేదు. ఆ లోటును పూడ్చినది ప్రజల ఓర్పు. 1934లో టాఫియర్డు పల్లెకు కొలతా లేదు, హెచ్చరికా లేదు.

ఓక్నెస్ ఏ సంవత్సరం పడునో, మొత్తంగా పడునో, ముక్కలుగా పడునో నిర్ణయించుట సాధ్యం కాదు. వేసవిలో దాని కిందుగా యాత్రికుల పడవలు పోతూనే ఉంటవి. నిలువు గోడలను, లోతైన నీటిని, వేలాడే లోయల జలపాతాలను చూచి వారు ఆనందిస్తారు. ఆ అందాన్ని మలచిన మంచే ఆ గోడలను ఆధారం లేకుండా విడిచి వెళ్ళినది. పైన చీలిక అంచున బిగించిన కడ్డీ, మరునాటి కొలతలో ఒకటి రెండు పదవ వంతుల మిల్లీమీటరు తేడాను నమోదు చేస్తుంది. హెల్లెసిల్ట్‌లోని తల్లి తన బిడ్డలను నిశ్చింతగా పడుకోబెట్టగలుగుట ఆ చిన్న అంకెమీద ఆధారపడి ఉన్నది.